అడగకుండా తీసుకునే సున్నం

మా అంగట్లో ఆకువక్కకు సున్నం అడిగి తీసుకునే అలవాటు లేదు. అరుగు చివర ఒక మట్టికుండ ఉండేది. దాంట్లో వెన్నలా నానిన సున్నం. దారిన పోయేవాళ్ళు వంగి, చూపుడువేలితో గీరుకుని, ఆకుకు పూసుకుని పోతారు. దానికి డబ్బు తీసుకోం. మా చేత్తో తీసి ఇవ్వం కూడా. ఉప్పు, మిరపకాయ, సున్నం ఒకరి చేతిలోనుంచి ఇంకొకరి చేతిలోకి పోతే ఇద్దరికీ తగువు వస్తుందని మా వైపు గట్టి నమ్మకం. అందుకే ఎవరికి వాళ్ళే తీసుకోవాలి. ఎవరు తీసుకున్నారో మేం తలెత్తి చూడం. చూస్తే చిటికెడు సున్నానికి కాపలా కాస్తున్నారని ఊరంతా నవ్వుతుంది.

ఈ మర్యాదే ఒక ఏడాది ఉగాది ముందు నా ప్రాణాలు తోడేసింది.

మాది నేతగాళ్ళ ఇల్లు. పళ్ళిపట్టుకు పోయే బస్సులు మా గుమ్మం ముందే ఆగుతాయి. నేను కాపురానికి వచ్చినప్పుడు ముందుగదిలో రెండు గుంతమగ్గాలు ఉండేవి. నేసి బతకలేమని తేలిపోయాక మా ఆయన ఆ గుంతల్ని మట్టితో పూడ్చి, పైన బండలు పరిచి, అక్కడే అంగడి పెట్టాడు. తాళ్ళు, చీపుర్లు, గడ్డపారలు, మేకులు, కూరగాయల విత్తనాలు, సున్నం, నీలిమందు, ఇలా ఇంటికీ పెరడుకీ కావలసినవన్నీ అమ్ముతాం. ఏడాదిలో సగం రోజులు ఈగలు తోలుకుంటాం. ఉగాది పడే పంగుని నెల వచ్చిందంటే మాత్రం ఊపిరి సలపదు. తెలుగువాళ్ళు ఉగాదికి, అరవవాళ్ళు చిత్తిర నెలకు ఇళ్ళకు సున్నం కొట్టుకుంటారు. కంచెలు బాగు చేసుకుంటారు, పెరట్లో బెండ, గోరుచిక్కుడు వేసుకుంటారు. ఆ నెలంతా గల్లా దగ్గర కూర్చుంటే ఎవరింట్లో ఏం జరుగుతోందో నేను చెప్పగలను. ఒకే ఇంటికి రెండు కుంచెలు కొన్నారంటే తోడికోడళ్ళు మాట్లాడుకోవడం లేదు. ఈ ఏడాది రంగులు వద్దు, సున్నం చాలన్నారంటే పిల్లకు సంబంధం తప్పిపోయింది.

మా అత్త నాకు సొంత మేనత్త, మా నాన్నకు అక్క. మగ్గం మీద కూర్చున్నంత కాలం నోట్లో ఆకువక్క ఆడుతూనే ఉండాలి ఆమెకు. అంతకు రెండేళ్ళ ముందు చెంప లోపల పుండు లేచి ఎంతకీ మానలేదు. తిరువళ్ళూరు ఆసుపత్రిలో చిన్న ముక్క కోసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. అది చెడ్డ పుండు కాదని తేలింది గానీ, ఆకువక్క మళ్ళీ ముడితే తన పూచీ లేదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆ రోజుతో అత్త మానేసింది. మా ఆయన ఈ సంగతి అంగడికి వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకునేవాడు. పక్కన కూర్చున్న అత్త వట్టి నోటితో నమిలినట్టు దవడలు ఆడించేది.

ఆ రోజు సున్నం కొట్టుకోవడం మా ఇంటి వంతు. ఊరికంతా సున్నం అమ్మి మన గోడలు మాత్రం మాసినట్టు ఉంచుకోలేం కదా. ఇల్లు పీకి పందిరి వేసినట్టు సామానంతా బయట పడేశాం. నేను తెల్లారి నుంచి పెరట్లోనే ఉన్నాను. మునగచెట్టుకు అల్లుకున్న తమలపాకు తీగ వంటింటి పెంకుల మీదికి పాకి పెంకులు లేపేస్తోంది. దాన్ని కోసి కుప్ప వేశాను. కరివేపాకు మొక్క చుట్టూ తవ్వాను. అత్తను అరుగు మీద కూర్చోబెట్టి, ఎవరైనా వస్తే కేకెయ్యమన్నాను.

మా ఆయన ఆర్.కె.పేటకు పోయాడు. అక్కడ నిమ్మతోట ఉన్న రైతు ఒకాయన చెట్ల మొదళ్ళకు పూసే ముద్దను ఏటా మా చేతే కలిపించుకుంటాడు. సున్నంలో మైలుతుత్తం కలిపి పూస్తే బెరడు కుళ్ళి జిగురు కారే రోగం రాదు. మైలుతుత్తం ఇనుమును తినేస్తుంది కాబట్టి ప్లాస్టిక్ తొట్టిలోనో మట్టికుండలోనో ఉంచాలి. పొద్దున్నే కలిపి, ప్లాస్టిక్ డబ్బాల్లో పోసి, మోపెడ్ వెనక కట్టుకుని బయల్దేరాడు. అడుగున మిగిలిన కొంచెం మా పెరట్లో నిమ్మచెట్టుకు పనికొస్తుందని ఒక కుండలో వేసి అరుగు చివర పెట్టాడు. సున్నం చుక్కలు పడకుండా ఆకువక్క సున్నపు కుండను నేను అంతకు ముందే తీసి లోపల దాచాను. ఖాళీగా కనిపించిన చోట ఆయన దీన్ని పెట్టాడు. రెండు కుండలూ ఒకే కుమ్మరి దగ్గర కొన్నవి.

ఎండ నడినెత్తికి వచ్చాక మంచినీళ్ళకు ముందుకు వచ్చాను. కుండ కనిపించింది. లోపల పెట్టిన కుండ బయటికి ఎట్లా వచ్చిందా అనుకుంటూ వంగి చూశాను. పైన ఎండకు ఆరి తెల్లటి పొర కట్టింది. ఆ పొర మీద ఒకే ఒక్క వేలి గీత. గీత లోపల రంగు నెమలి మెడలాగా నీలంగా ఉంది.

నీలిమందు అయ్యుంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. అంగట్లోకి పోయి కొత్త మేకు ఒకటి తెచ్చి ఆ ముద్దలో గుచ్చాను. రైతులు మందు పాకం చూసుకునే పద్ధతి అది. తుత్తం ఎక్కువైతే ఇనుము ఎర్రబారుతుంది. కొంచెం సేపు ఆగి మేకు బయటికి తీసి కొంగుతో తుడిచాను. కొత్త రాగి చెంబులా ఎర్రగా ఉంది.

మైలుతుత్తం ఏం చేస్తుందో నాకు తెలుసు. నా చిన్నప్పుడు పళ్ళిపట్టులో మా వీధి చివర అద్దకం కొట్టం ఉండేది. రంగు నిలవడానికి అక్కడ తుత్తం వాడేవాళ్ళు. ఇంట్లో ఏదో గొడవై ఒకామె దాన్ని నీళ్ళల్లో కలుపుకుని తాగేసింది. పెద్దవాళ్ళ కాళ్ళ సందుల్లోనుంచి నేను చూశాను. ఆమె కక్కిన పచ్చని నీళ్ళు చాలా కాలం నా కలల్లోకి వచ్చేవి. వేలితో గీరుకున్నంతకే మనిషి పోతాడా అంటే నాకు తెలియదు. తెలియకపోవడమే ఎక్కువ భయం పెట్టింది.

ఎవరు తీసుకున్నారో అత్తను అడిగాను. ఎవరో వచ్చారు, పోయారు, తన కళ్ళకు మనుషులు ఆనతారా అంది. నారు అమ్మే ముసలామె మాత్రం పొద్దున కాసేపు అరుగు మీద కూర్చుని పోయిందట. ఆ కుండలో ఏముందో నేను చెప్పాను. నోట్లోకి పోతే మనిషి దక్కదని కూడా చెప్పాను. అత్త కొంగు చివర నోటికి అడ్డం పెట్టుకుని కుండ వైపు చూస్తూ ఉండిపోయింది.

తర్వాత, "మనోడు ఇప్పుడు యాడుండాడు?" అని అడిగింది.

ఆర్.కె.పేటలోనే ఉంటాడన్నాను. ఫోన్ చెయ్యమంది. ఆయన్ను ఎంత తుత్తం కలిపాడో అడగాలని నేనూ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చెయ్యమంది. ఇక్కడ ఎవరి ప్రాణం పోతుందో అని నేను చస్తుంటే ఈమెకు కొడుకు తప్ప లోకం లేదని నాకు ఒళ్ళు మండింది. కుండ మీద తట్ట బోర్లించి, ఎవరినీ ముట్టనివ్వొద్దని చెప్పి బయటపడ్డాను.

పక్క వీధిలో సున్నం కొడుతున్న మేస్త్రీ గుర్తుకు వచ్చాడు. ఆకు నమలకుండా కుంచె పట్టని మనిషి. నిచ్చెన మీద ఉన్నాడు. పొద్దున మా అరుగు మీద సున్నం తీసుకున్నావా అన్నా అని కింద నుంచి అడిగాను. అతనికి నా మాట వేరేగా తగిలింది. గోడలకు కొట్టే సున్నం దొంగతనంగా ఎత్తుకుపోయాడని అంటున్నాననుకుని నిచ్చెన దిగి వచ్చాడు. అందరూ చూస్తున్నారు. ఆకువక్కకు వేసుకునే సున్నం సంగతి అంటే, "నాన్ వెత్తల పోడ్రదే ఇల్ల మా," తను తమలపాకే వేసుకోవడం లేదని అరవంలో అని, నోరు తెరిచి చూపించాడు. ఆకు మానేసి పొట్లాం పొగాకులోకి దిగాడట. అది చూసి దండం పెట్టుకున్న మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఎందుకు అడుగుతున్నావని అతను అడిగాడు. చెప్పాననుకోండి, ఫలానా అంగట్లో సున్నంలో విషం ఉందని సాయంత్రానికల్లా పళ్ళిపట్టు దాకా పోతుంది. నోట్లో నువ్వుగింజ నానని ఊరు మాది. మగ్గం పోయాక మిగిలింది ఆ అంగడి ఒక్కటే. చెప్పకపోతే ఎవరో ఒకరు ఏ చెట్టు కిందో కడుపు పట్టుకుని పడిపోతారు. ఎందుకు పడిపోయారో చుట్టూ ఉన్నవాళ్ళకు తెలియదు, వైద్యం చేసేవాళ్ళకూ తెలియదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఊరికే అడిగానని చెప్పి వచ్చేశాను.

ఇక మిగిలింది నారు అమ్మే ముసలామె. తట్టలో వంకాయ నారు, మిరప నారు పెట్టుకుని పొద్దున బస్సుకు వచ్చి, అమ్ముడుపోగానే వెళ్ళిపోతుంది. పళ్ళిపట్టుకు ఇవతలే వాళ్ళ ఊరు. అంత బేరాల రోజున అంగడి తలుపు వేశాను. బస్సు కోసం నిలబడితే కుంచెలు కొనడానికి వచ్చినవాళ్ళు ఎందుకు మూసేశారని అడిగారు. తలనొప్పి అన్నాను. అత్తను లోపల పడుకోమన్నాను. నేను బస్సెక్కుతుంటే ఆమె గుమ్మంలో నిలబడి, వాడు ఫోన్ ఎత్తాడా అని మళ్ళీ అడిగింది.

బస్సులో కిటికీ పక్క కూర్చున్నాను. దారి పొడుగునా మామిడిచెట్ల మొదళ్ళకు తెల్ల పట్టీలు. మా అంగట్లో కొన్న సున్నమే. ముసలామె ఎక్కడైనా మధ్యలో పడిపోయి ఉంటుందేమోనని ప్రతి స్టాపులోనూ తొంగి చూశాను. ఎక్కడా జనం గుమికూడి లేరు. లేకపోవడం మంచిదో చెడ్డదో కూడా అర్థం కాలేదు. ఆమె బతికుంటే మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేస్తానని, అంగడి పోతే పోనీ అని బస్సు దిగేముందు అనుకున్నాను. ధైర్యం వచ్చి కాదు. ఇంకొంచెం సేపు దాచుకునే ఓపిక నాలో లేదు.

వాళ్ళ ఇంటి ముందు కొబ్బరాకుల పందిరి. దాని కింద బల్ల మీద ఆమె కొంగు మొహానికి కప్పుకుని పడుకుని ఉంది. ఈగలు ముసురుతున్నాయి. పిలిస్తే పలకలేదు. ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు. బల్ల కాలును పాదంతో కదిపాను. ఆమె కొంగు తీసి, ఎవరిదా కాలు అని తిట్టుకుంటూ లేచింది. నేను అక్కడే నేల మీద చతికిలబడి ఏడ్చేశాను.

అంతా చెప్పాను. ఆమె తాపీగా నడుముకున్న సంచి తీసి, రేకు డబ్బీ చూపించింది.

"నేను మీ సున్నం ముట్టలే మే. నా డబ్బీలో సున్నం నాకుండె. మీ అత్త గదా రెండాకులు ఇచ్చింది నాకు. పెరట్లో తీగ కోస్తా ఉండారంట. తను గుడ ఒకటి నములుతా ఉండె."

చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారు. ఆ సామెత విని నవ్వడమే గానీ అది ఇంత భయంకరంగా ఉంటుందని నాకు తెలియదు. కుండలో విషం ఉందని నేను చెప్పింది ఆమెకే. కాపలా పెట్టి వచ్చింది ఆమెనే.

మా పక్కింట్లో బట్టలు కుట్టే అక్కకు ఫోన్ చేసి, ఒకసారి అత్తను చూడమన్నాను. ఆమె ఫోన్ పెట్టకుండానే పోయింది. తలుపు కొట్టడం నాకు వినిపిస్తోంది. లోపల గడియ పెట్టి ఉందనీ, పిలిస్తే పలకడం లేదనీ చెప్పింది. వెనకవైపు నుంచి పోయి చూడమన్నాను. మా పెరటికి ఆ ఉదయమే నేను కొత్త ముళ్ళకంచె బిగించి కట్టాను. ఆమె లోపలికి రాలేకపోయింది.

బస్సు లేదు. నారు అమ్మే ఆమె మనవడి వరస అబ్బాయి ఆటో తెచ్చాడు. ఆ దారిలో నేను ఏ దేవుడికి ఏం మొక్కుకున్నానో ఇప్పుడు చెప్పమన్నా చెప్పలేను. ఒకటి మాత్రం గుర్తుంది. అత్త పోతే మా ఆయనకు ఈ మాట ఎట్లా చెప్పాలి అన్న ఆలోచన. తను కలిపిన ముద్ద, తను పెట్టిన కుండ. ఆయన ఇక లేచి తిరగడు అనిపించింది. మధ్యమధ్య ఆయనకు ఫోన్ చేస్తూనే ఉన్నాను. మోగుతోంది, ఎత్తడం లేదు.

కంచె పీకి లోపలికి పోయాను. ముళ్ళు గుచ్చుకున్నట్టు కూడా తెలియలేదు. అత్త మునగచెట్టు కింద, నేను కోసిపడేసిన తీగ కుప్ప పక్కన కూర్చుని ఉంది. పెదవులు బూడిద రంగులో ఉన్నాయి. ముందర నేల మీద బూడిద చల్లి చేత్తో సర్దుతోంది. బూడిద అంచుల్లో పచ్చదనం కనిపించింది. కక్కింది ఎవరూ చూడకుండా కప్పుతోంది.

ఆమె రెక్క పట్టుకుని లేపబోయాను. ఆసుపత్రికి రానంది. ఎందుకు చెప్పలేదని అరిచాను. నా జన్మలో ఆమె మీద అట్లా అరవలేదు. అప్పుడు కూడా, వాడు ఫోన్ ఎత్తాడా అనే అడిగింది. లేదన్నాను. ఆమె మొహం ఇంకా నల్లబడింది.

"వాడి తల మింద చెయ్యి పెట్టిచ్చి ఒట్టు ఏపిచ్చుకున్నాడు మే, ఆకువక్క ముట్టనని. తిరువళ్ళూరులో ఆ పుండు కోసిన దినం. ఆకులు పచ్చంగా కనపడేసరికి మనసు ఆగలే. నాలిక మండితే కొత్త సున్నం పొక్కిందేమో అనుకుంటి. నువ్వొచ్చి చెప్పినాక తెలిసె. వాడు చూస్తే ఫోన్ ఎత్తలే. నేను నోరిప్పితే ఒట్టు తప్పినట్టు నలుగురికీ తెలుస్తాది, అది పొయ్యి వాడి తలకి తగులుతాది. నా కడుపులోనే ఉంటే నాతోనే పోతాది. నన్ను ఇట్లనే వదిలిపెట్టు."

మందు తీసుకుని తను బతికితే, ఆ దెబ్బ లారీలు తిరిగే రోడ్డు మీద ఉన్న కొడుక్కు పోతుందని ఆమె లెక్క. నేను బయల్దేరినప్పటి నుంచి ఒక్కతే కూర్చుని చావు కోసం చూస్తోంది. చావు వస్తుందని కాదు ఆమె భయం, రాదేమోనని. నేను ఏం చెప్పినా ఆమెకు ఎక్కలేదు. ఒట్లకూ లారీలకూ సంబంధం లేదన్నాను, కాళ్ళు పట్టుకున్నాను. కదల్లేదు. మళ్ళీ కక్కింది. పక్కింటి అక్కను కేకేస్తే ఆమె పాలు తెచ్చింది. అత్త నోరు గట్టిగా మూసుకుంది. నేను ఫోన్ నొక్కుతూనే ఉన్నాను. అవతల మోగుతున్న ప్రతిసారీ ఈయనకు నిజంగానే ఏమైనా అయ్యిందేమోనన్న అనుమానం నాలోకి కూడా దూరింది.

చివరికి ఎత్తాడు. రైతు ఇంట్లో ఫోన్ చార్జింగుకు పెట్టి తోటలోకి పోయాడట. ఇన్నిసార్లు ఎందుకు చేశావని విసుక్కున్నాడు. నేను ఏమీ చెప్పకుండా ఫోన్ అత్త చెవికి పెట్టాను. ఏమ్మా, ఏంది, మాట్లాడు అని ఆయన అవతల అంటున్నాడు. ఆమె ఫోన్ చెవికి ఇంకా నొక్కుకుంది. కళ్ళు మూసుకుని ఆ గొంతు వింది. తర్వాత నా భుజం పట్టుకుని తనే లేచింది.

తిరుత్తణి ఆసుపత్రిలో డాక్టరమ్మకు నేను అరవంలో అంతా చెప్పాను. కుండ కూడా మూట కట్టి తీసుకుపోయాను. సెలైను పెట్టారు, రక్తం తీసుకున్నారు. లోపలికి పోయింది తక్కువ, నమిలిన రసం చాలావరకు ఉమ్మేసింది, అందుకే ఈ మాత్రం నిలిచింది అని ఆమె చెప్పింది. ఇంకొంచెం ఆలస్యమైతే ఏమయ్యేదని నేను అడగలేదు. అడిగితే చెబుతుందేమోనని భయం. కొడుకు వస్తే ఆకువక్క మాట ఎత్తొద్దని మాత్రం బతిమాలుకున్నాను. అది మీ ఇంటి సంగతి, నాకెందుకమ్మా అని ఆమె పోయింది.

మా ఆయన పరుగెత్తుకుంటూ వచ్చాడు. చొక్కా నిండా నీలి మరకలు. కుండ తుడుస్తుంటే చేతికి అంటుకుని నోట్లోకి పోయిందని చెప్పాను. ఆయన మంచం పక్కన కూలబడి తల బాదుకున్నాడు. అత్త సూది లేని చెయ్యి చాపి ఆయన తల పట్టుకుంది. నుదురు, కణతలు, వెనక వైపు, చెవుల వెనక, అంతా తడిమింది. ఎక్కడా దెబ్బ లేదని చూసుకుంటోంది. మందు మత్తులో చేస్తోందని ఆయన అనుకున్నాడు.

మరుసటి రోజు పొద్దున ఆమె కొంచెం తేరుకుంది. ఆయన ఫ్లాస్కు కడిగి కాఫీకి పోబోతుంటే పిలిచి కూర్చోబెట్టుకుంది.

"నువ్వు ఎప్పుడన్నా నా చేత ఒట్టు ఏపిచ్చుకొనుంటే, దాన్ని తీసి గట్టున పెట్టు నాయనా."

"ఏం ఒట్టుమా? నేనెప్పుడు ఏపిచ్చుకుంటి? నాకేం గ్యాపకం లే," అని నవ్వి, ఆమె దుప్పటి సరిచేసి, ఫ్లాస్కు తీసుకుని వెళ్ళిపోయాడు.

నిజంగానే ఆయనకు గుర్తు లేదు. ఆ రోజు ఆసుపత్రి వరండాలో భయంతో ఏదో అన్నాడు, చెయ్యి పట్టుకుని తల మీద పెట్టుకున్నాడు, పుండు మంచిదని తేలగానే మర్చిపోయాడు. రెండేళ్ళు దాన్ని మోసింది ఆమె. అత్త నా వైపు తిరిగింది.

"వాడికే గ్యాపకం లే. ఇంగ దాన్ని ఎవురు తీస్తారు?"

ఉన్న సంగతి ఆయనకు చెప్పి తీయించవచ్చు. కానీ ఒట్టు తప్పిందని కొడుక్కు తెలిసిన గడియలోనే అది తగులుతుందని ఆమె గట్టి నమ్మకం. నేను ఒట్లూ దిష్టీ నమ్మే మనిషిని కాను. నేత పనిలో పెరిగిన కళ్ళకు ఉన్నది ఉన్నట్టు చూడటమే అలవాటు. అయినా ఇప్పటిదాకా ఆయనకు చెప్పలేదు.

ఆర్.కె.పేట రోడ్డు మీద లారీలు ఎక్కువ. ఆయన సరుకు కట్టుకుని పోయి ఆలస్యమైతే, లోపల పడుకున్న అత్త లేచి వచ్చి గల్లా పక్కన కూర్చుంటుంది. విత్తనాల పొట్లాలు సర్దుతున్నట్టు నేను చేతులు ఆడిస్తుంటాను. ఫోన్ చెయ్యమని ఆమె అడగదు. ఎత్తకపోతే ఎట్లా అని నేనూ చెయ్యను. ఇంకొంచెం పొద్దు వాలితే చేతిలో పొట్లాలు అక్కడే పడేసి, ఒట్లు నమ్మని నేనే ఆమెకంటే ముందు రోడ్డు మీదికి వచ్చి నిలబడతాను.